బొమ్మలతో మాట్లాడిన అమ్మాయి: లెస్లీ కారోన్ గురించి ఒక సాయంత్రం

అందరికీ నమస్కారం. వెనక వరుస వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నేను సినిమా విమర్శకురాలిని కాదు, డాన్స్ టీచర్ని. పిల్లలకి కూచిపూడి నేర్పడమే నా పని. ముందు వరుసలో కూర్చున్న ఈ పిల్లలంతా మా క్లాసు వాళ్లే. మరి ఒక ఫ్రెంచ్ సినిమా నటి గురించి నేనెందుకు మాట్లాడుతున్నాను? దానికి ఒక కారణం ఉంది. మొన్నామధ్య ఒక తల్లి నా దగ్గరికి వచ్చి, "మా అమ్మాయి సినిమాల్లో ట్రై చేస్తానంటోంది మేడమ్, ఇన్నేళ్లు నేర్చుకున్న డాన్స్ అంతా బూడిదలో పోసిన పన్నీరేనా" అని అడిగారు. ఆవిడ బాధగానే అడిగారు. నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. ఇంటికి వెళ్లాక రాత్రంతా నా బుర్రలో తిరిగింది లెస్లీ కారోన్. అందుకే ఇవాళ ఆమె గురించి చెబుతానని నేనే అడిగి ఈ అవకాశం తీసుకున్నాను.

లెస్లీ కారోన్ 1931 జూలై 1న పారిస్ పక్కనే ఉన్న బూలోన్‌లో పుట్టారు. తండ్రి ఫ్రెంచ్ వాడు, రసాయన శాస్త్రం చదివి అత్తర్ల వ్యాపారం చేసేవాడు. తల్లి మార్గరెట్ అమెరికన్. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల్లో డాన్సర్‌గా పనిచేసిన మనిషి. పెళ్లి తర్వాత ఆవిడ డాన్స్ ఆగిపోయింది. ఇక్కడ కూర్చున్న అమ్మలకి ఈ మాట చెబితే చాలు, మిగతాది నేను చెప్పక్కర్లేదు కదా? తనకి ఆగిపోయింది కూతురిలో సాగాలి అనుకుంది ఆ తల్లి. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో చూడలేదు ఈ కథ?

పిల్లకి ఇంకా తొమ్మిదేళ్లు నిండకుండానే, 1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి వచ్చింది. 1944 ఆగస్టు దాకా ఆ ఊరు వాళ్ల చేతిలోనే ఉంది. అంటే ఎదిగే వయసులో నాలుగేళ్లు. రేషన్ మీద బతుకు. ఎముక గట్టిపడాల్సిన వయసులో పాలు లేవు, వెన్న లేదు. ఇంట్లో ఉన్న ఆస్తి కూడా ఆ యుద్ధంలోనే కరిగిపోయింది. అలాంటి రోజుల్లో ఆ పిల్ల పారిస్ కన్సర్వేటరీలో బాలే నేర్చుకుంది. బాలే అంటే ఏమిటి? కాలి మునివేళ్ల మీద ఒళ్లంతా నిలబెట్టడం. ఆకలితో ఉన్న ఒళ్లు! మా పిల్లలు మధ్యాహ్నం టిఫిన్ సరిగ్గా తినకపోతే అడుగుల అభ్యాసంలో రెండో వేగానికే కళ్లు తేలేస్తారు. ఆ పిల్ల ఎలా నిలబడిందో ఆలోచించండి. ఈ ఆకలి విషయం గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

యుద్ధం అయిపోయాక పారిస్‌లో కొత్త గాలి వీచింది. రోలాం పెతీ అనే కుర్రవాడు, అప్పటికి ఇరవై ఏళ్లు దాటినవాడు, పెద్ద సంస్థ నుంచి బయటికి వచ్చి కుర్రవాళ్లతో బాలే కొత్తగా చేయడం మొదలుపెట్టాడు. ఆ బృందం పేరు బాలే దే షాంజెలీజే. లెస్లీ 16 ఏళ్లకే అందులో చేరింది. 1948 నవంబర్‌లో ఆ బృందం ఒక కొత్త బాలే వేసింది. డేవిడ్ లిషీన్ కూర్చిన బాలే అది. గ్రీకు పురాణంలో ఈడిపస్, స్ఫింక్స్ కలుసుకునే ఘట్టం. స్ఫింక్స్ అంటే మీకు తెలుసు కదా, దారిలో కూర్చుని పొడుపు కథ అడుగుతుంది, జవాబు చెప్పలేకపోతే ప్రాణం తీస్తుంది. మన యక్షప్రశ్నలు గుర్తుకొస్తున్నాయి కదూ? ఈడిపస్‌గా ఆనాటి మహా నర్తకుడు ఝాఁ బాబిలే. స్ఫింక్స్‌గా 17 ఏళ్ల లెస్లీ కారోన్.

ఆ ఆట చూసినవాళ్లలో అమెరికా నుంచి వచ్చిన ఒక సినిమా డాన్సర్ ఉన్నాడు. జీన్ కెల్లీ. ఆట అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్లి ఆ అమ్మాయి ఎవరని అడిగాడట. ఆ అమ్మాయి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. ఆట అయిందా, మేకప్ తుడుచుకుందా, ఇల్లు. అంతే.

రెండేళ్లు గడిచాయి. 1950లో కెల్లీ ఎంజీఎం స్టూడియోకి "ఏన్ అమెరికన్ ఇన్ పారిస్" అనే సినిమా చేయబోతున్నాడు. డైరెక్టర్ విన్సెంట్ మినెల్లీ. సంగీతం జార్జ్ గెర్ష్విన్‌ది, ఆయన అప్పటికే చనిపోయి పదమూడేళ్లు. హీరోయిన్‌గా మొదట అనుకున్నది సిడ్ చరిస్ అనే డాన్సర్‌ని. ఆమె గర్భవతి అయింది. అప్పుడు కెల్లీకి రెండేళ్ల కిందటి స్ఫింక్స్ గుర్తొచ్చింది. చూడండి, రెండేళ్లు! ఒక్క రాత్రి చూసిన డాన్స్ రెండేళ్లు మనసులో నిలవాలంటే అందులో ఏముండి ఉండాలి? ముఖం బాగుంటే నిలవదు. గిరగిరా తిరిగినంత మాత్రాన నిలవదు. నా మటుకు నేను అనుకునేది ఏమిటంటే, స్ఫింక్స్ పాత్రకి కదలిక కంటే కాపు కాయడం ముఖ్యం. అవతలివాడు జవాబు చెప్పేదాకా ఎదురు చూడాలి. ఆ ఎదురుచూపు ఒళ్లంతా కనిపించాలి. కెల్లీ పట్టుకున్నది అదే అయి ఉంటుంది.

సరే, 19 ఏళ్ల అమ్మాయి తల్లితో కలిసి కాలిఫోర్నియా వెళ్లింది. అక్కడ ఏం చేసిందో తెలుసా? షూటింగ్ మొదలయ్యే ముందు కత్తెర తీసుకుని తన జుట్టు తనే కత్తిరించేసుకుంది! మగపిల్లాడి క్రాఫు అంత పొట్టిగా. అది అప్పుడప్పుడే వస్తున్న కొత్త ఫ్యాషన్. స్టూడియో వాళ్లకి గుండె ఆగినంత పనైంది. ఆ జుట్టు కాస్త పెరిగేదాకా మూడు వారాలు ఆమె షూటింగ్ ఆపాల్సి వచ్చింది. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి, కానీ నేను దీన్ని అల్లరిగా చూడను. అప్పటిదాకా ఆ అమ్మాయి జీవితంలో ప్రతిదీ ఇంకొకరు నిర్ణయించారు. డాన్స్ తల్లి నిర్ణయం. సినిమా కెల్లీ నిర్ణయం. తన తల మీద జుట్టు ఒక్కటే తన చేతిలో ఉంది.

ఇందాక ఆకలి గురించి చెప్పాను కదా. అది ఇక్కడ బయటపడింది. హాలీవుడ్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా రిహార్సల్, షూటింగ్. యుద్ధకాలంలో సరిగ్గా తిండి లేక పెరిగిన ఒళ్లు ఆ వేగానికి తట్టుకోలేకపోయింది. రక్తహీనత, నీరసం, జ్వరం. ఆమెకి మధ్య మధ్య విశ్రాంతి ఇస్తూ సినిమా లాక్కొచ్చారు. తెర మీద చూస్తే మీకు ఎక్కడా తెలియదు. బుగ్గలు నిండుగా, కళ్లు చిలిపిగా ఉంటాయి. ఆ బుగ్గల వెనక నాలుగేళ్ల రేషన్ ఉందని ఎవరనుకుంటారు?

ఆ సినిమా చివర సుమారు 17 నిమిషాల బాలే ఉంటుంది. ఒక్క మాట కూడా ఉండదు. దూఫీ, రెన్వా, ఉత్రీయో, రూసో, వాన్ గోహ్, తులూస్ లోత్రెక్, ఈ చిత్రకారుల బొమ్మల్లోంచి పారిస్ లేచి వచ్చినట్టు సెట్లు వేశారు. నాలుగైదు లక్షల డాలర్లు ఆ ఒక్క ఘట్టానికే ఖర్చయింది. పారిస్ అమ్మాయి కాలిఫోర్నియాలో రంగు వేసిన పారిస్‌లో ఆడింది. సీన్ నది ఒడ్డున ఇద్దరూ ఆడే డాన్స్ కూడా స్టూడియోలో కట్టిన ఒడ్డు మీదే. ఆ సినిమాకి ఆరు ఆస్కార్లు వచ్చాయి, 1951 ఉత్తమ చిత్రం కూడా అదే.

అక్కడితో ఆమె స్టార్ అయిపోయింది. కానీ నటి అయిందా? నన్నడిగితే ఇంకా కాలేదు. ఆ సినిమాలో ఆమె డాన్సరే, మాటలు వచ్చినప్పుడు కాస్త తడబడే డాన్సర్. అసలు నటి నాకు కనిపించింది 1953లో వచ్చిన "లిలి"లో. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

"లిలి" కథ చిన్నది. తల్లీ తండ్రీ లేని పదహారేళ్ల పిల్ల ఒక ఊరికి వస్తుంది, తిరునాళ్ల లాంటి ఒక సంత ప్రదర్శనలో పనికి కుదురుతుంది, ఆ పనీ పోతుంది. ఇక బతకడం ఎందుకు అనుకున్న క్షణంలో ఎవరో పిలుస్తారు. ఎవరు? ఒక బొమ్మ. చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మ. తెర వెనక ఉన్న మనిషి కుంటివాడు. ఒకప్పుడు అతనూ డాన్సరే, యుద్ధంలో కాలు దెబ్బతింది. మనుషులతో కటువుగా మాట్లాడే అతను బొమ్మల గొంతులో మాత్రం ప్రేమగా మాట్లాడతాడు. లిలి ఆ బొమ్మలతో మాట్లాడుతుంది. వెనక మనిషి ఉన్నాడన్న సంగతే మర్చిపోయి మాట్లాడుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఎంత కష్టమైన పని? ఎదురుగా ఉన్నది గుడ్డ, దూది. దాన్ని ప్రాణం ఉన్నదానిగా చూడాలి. చూసేవాళ్లకి ఒక్క క్షణం కూడా "ఈ పిల్లకి మతి లేదా" అనిపించకూడదు. మన పిల్లలకి మొదట్లోనే ఏం చెబుతాం? చేయి ఎటు వెళ్తే చూపు అటు వెళ్లాలి, చూపు ఎటు వెళ్తే మనసు అటు వెళ్లాలి. లేని కృష్ణుడిని ఉన్నాడని చూపించాలి. గాలిలో కుండ పెట్టి అందులో వెన్న తీయాలి. అదే చేసింది ఆమె. ఆమె బొమ్మ వైపు చూసిన చూపుతోనే బొమ్మకి ప్రాణం వచ్చింది. ఆడించేవాడు సగం ప్రాణం పోస్తే మిగతా సగం ఆమె పోసింది. ఆ చూపు ఎక్కడ నేర్చుకుంది? యాక్టింగ్ స్కూల్లో కాదు. బాలే గదిలో, అద్దం ముందు, కమ్మీ పట్టుకుని ఏళ్ల తరబడి నిలబడి నేర్చుకుంది. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఉంది చూడండి, దానికి నా జవాబు ఈ సినిమా. ఆవిడ ఇవాళ వచ్చారో లేదో తెలియదు. వస్తే వినాలని నా కోరిక.

"లిలి"కి ఆమెకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బ్రిటిష్ అకాడమీ ఉత్తమ విదేశీ నటి అవార్డు ఇచ్చింది. ఆస్కార్ మాత్రం ఆ ఏడాది ఆడ్రీ హెప్‌బర్న్‌కి వెళ్లింది, "రోమన్ హాలిడే"కి. ఇక్కడ ఒక సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. హెప్‌బర్న్ లెస్లీ కంటే రెండేళ్లు పెద్ద. ఆమె కూడా బాలే నేర్చుకున్న పిల్లే. ఆమె కూడా జర్మన్ల చేతిలో ఉన్న హాలండ్‌లో ఆకలితో పెరిగిన పిల్లే, అక్కడి ఆకలి ఇంకా ఘోరం. 1954లో ఆ అవార్డు కోసం ఎదురుచూసిన ఐదుగురిలో ఇద్దరు యుద్ధపు ఆకలిలో మునివేళ్ల మీద నిలబడ్డ అమ్మాయిలు! వాళ్లలో ఎవరు గెలిచారు అన్నది నాకు పెద్ద విషయం కాదు.

ఆ తర్వాత 1955లో "డాడీ లాంగ్ లెగ్స్". పక్కన హాలీవుడ్ డాన్సర్ ఫ్రెడ్ ఆస్టేర్, ఆమె కంటే 32 ఏళ్లు పెద్ద. ఆ సినిమాకి ముందే, 1954 సెప్టెంబర్‌లో, ఆస్టేర్ భార్య చనిపోయింది. ఆ దుఃఖంలోనే ఆయన ఆడాడు. కెల్లీ, ఆస్టేర్ ఇద్దరి పక్కనా ఆడిన అదృష్టం చాలా కొద్దిమందికే దక్కింది. డాన్సర్‌గా నా కంటికి కనిపించే తేడా చెబుతాను. కెల్లీ నేలని నమ్ముకున్న మనిషి. మోకాళ్లు వంచి, బరువు కిందకి దించి ఆడతాడు, మన అరమండికి దగ్గర. ఆస్టేర్‌కి నేల ఉందో లేదో తెలియదు. లెస్లీ ఇద్దరితోనూ సర్దుకుంది, అదే విశేషం. ఒకరి పక్కన బరువుగా, ఒకరి పక్కన తేలికగా.

1958లో "జీజీ". ఈ సినిమా పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మళ్లీ మినెల్లీయే డైరెక్టర్. తొమ్మిది ఆస్కార్లకి నామినేషన్ వస్తే తొమ్మిదీ వచ్చాయి. ఆ జీజీ పాత్రని లెస్లీ 1956లోనే లండన్‌లో నాటకంగా వేసింది. అంతకు ముందు న్యూయార్క్‌లో ఆ పాత్ర వేసింది ఎవరనుకుంటున్నారు? ఆడ్రీ హెప్‌బర్నే! ఇద్దరి దారులూ ఇలా పెనవేసుకుంటూనే ఉన్నాయి.

"జీజీ"లో పాటలు లెస్లీ గొంతు కాదు. బెట్టీ వాండ్ అనే గాయని పాడింది. ఈ సంగతి ఆమెని బాధపెట్టింది. మనకి ఇది వింతగా ఉంటుంది. మన సినిమాల్లో సావిత్రి గారికి సుశీల గారు పాడితే ఎవరైనా బాధపడతారా? అదొక పద్ధతి, అదొక అందం. గాయని పేరు టైటిల్స్‌లో వేస్తారు, రేడియోలో చెబుతారు. అక్కడ అలా కాదు. గొంతు నటిదే అని జనం నమ్మాలి, పాడినవాళ్ల పేరు బయటికి రాకూడదు. పైగా "లిలి"లో ఆమె తన గొంతుతోనే పాడింది, ఆ పాట జనం నోళ్లలో నానింది కూడా. అలాంటప్పుడు, నీ గొంతు చాలదు అంటే? ఇద్దరికీ అన్యాయమే. పాడినామెకి పేరు లేదు, నటించినామెకి గొంతు లేదు.

అప్పటికి ఆమె పెళ్లి చేసుకుని లండన్‌లో ఉంది. భర్త పీటర్ హాల్, పెద్ద నాటక దర్శకుడు, తర్వాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ స్థాపించినవాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ పెళ్లి 1965లో ముగిసింది. దాని ముందూ ఒక పెళ్లి, తర్వాతా ఒక పెళ్లి. ఆ విడాకుల గురించి పత్రికలు చాలా రాశాయి. నేను వాటి జోలికి పోను. ఆమె పని గురించి మాట్లాడటానికి వచ్చాం మనం.

పని అంటే 1962. "ద ఎల్ షేప్డ్ రూమ్". పిల్లలూ, ఈ పేరు రాసుకోండి. రంగులు లేవు, ఆమెకి డాన్స్ లేదు, పాట లేదు. ఒక ఫ్రెంచ్ అమ్మాయి, పెళ్లి కాలేదు, గర్భవతి. లండన్‌లో ఒక పాత ఇంట్లో పై అంతస్తులో మురికి గది అద్దెకి తీసుకుంటుంది. పరుపులో నల్లులు. నవలలో ఆ అమ్మాయి ఇంగ్లిష్ అమ్మాయే, లెస్లీ కోసం ఫ్రెంచ్ అమ్మాయిగా మార్చారు. 31 ఏళ్ల లెస్లీ, ఇద్దరు పిల్లల తల్లి, ఆ పాత్ర చేసింది. పదేళ్లుగా జనం ఆమెని చిన్నపిల్లగానే చూశారు. అనాథ పిల్ల, బడి పిల్ల, అమాయకపు పిల్ల. అదే ముఖం, అవే కళ్లు, ఇప్పుడు ఒక డాక్టర్ ఎదుట కూర్చుని తన కడుపులో బిడ్డ గురించి అవమానం మింగుతున్నాయి. ఆ డాక్టర్ ఆమె కథ పూర్తిగా వినకుండానే, గర్భం తీయించుకోవడానికే వచ్చిందని తేల్చేస్తాడు. అప్పుడు ఆమె వీపు చూడండి. ముఖం కాదు, వీపు. నిటారుగా అవుతుంది. బాలే నేర్చుకున్నవాళ్ల వీపు అది. ఎంత దాచుకున్నా దాగదు. ఇన్నేళ్లూ అందం కోసం నిలబడ్డ ఆ వెన్నెముక, అక్కడ ఆత్మగౌరవం కోసం నిలబడింది. నేను ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, చూసిన ప్రతిసారీ నా వీపు కూడా నాకు తెలియకుండానే నిటారు అవుతుంది.

దానికి మళ్లీ బ్రిటిష్ అకాడమీ అవార్డు వచ్చింది, గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, రెండోసారి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఒక చిత్రం చెప్పనా? బ్రిటిష్ వాళ్లు మొదటిసారి ఆమెకి ఇచ్చింది ఉత్తమ విదేశీ నటి అవార్డు. రెండోసారి ఇచ్చింది ఉత్తమ బ్రిటిష్ నటి అవార్డు!

తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను, టైమ్ చూసుకోమని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. 1964లో క్యారీ గ్రాంట్‌తో "ఫాదర్ గూస్". ఆపైన హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోల కాలం పోయింది, మ్యూజికల్స్ కాలం పోయింది. ఆమె యూరప్‌కి తిరిగి వచ్చింది. ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫో సినిమాలో ఒక చిన్న పాత్ర చేసింది, 1977లో. అదే ఏడాది "వాలెంటినో" అనే సినిమాలో రుడాల్ఫ్ నురేయెవ్‌తో కలిసి నటించింది. ఆయనా బాలే నుంచి తెర మీదకి వచ్చినవాడే. తల్లి మార్గరెట్ ప్రాణం తీసుకుంది. లెస్లీ తను కూడా చాలా ఏళ్లు డిప్రెషన్‌తో, తాగుడుతో బాధపడి బయటపడ్డానని దాచకుండా చెప్పింది. ఆ తరం నటీమణుల్లో అలా చెప్పడం చిన్న ధైర్యం కాదు. ఇక్కడున్న పెద్దవాళ్లు దీన్ని గుసగుసగా వినకండి. మన ఇళ్లలో కూడా ఇది ఉంది.

బుర్గండీలో, విల్‌నవ్ సూర్ యోన్ అనే ఊళ్లో, నది పక్కన పాడుబడ్డ పాత ఇళ్లు కొని, బాగుచేయించి, 1993లో అక్కడ చిన్న హోటల్ పెట్టింది. భోజనం, బస. 2009 దాకా నడిపింది. ఆకలితో పెరిగిన పిల్ల అరవై ఏళ్లు దాటాక పదిమందికి అన్నం పెట్టే చోటు కట్టుకుంది అని నాకు అనిపిస్తుంది. ఆమె అలా అనుకుందో లేదో గానీ నాకు అలా అనిపిస్తుంది.

2006లో ఒక అమెరికన్ టీవీ సీరియల్ ఒక్క ఎపిసోడ్‌లో నటించింది. ఎన్నో ఏళ్ల కిందట తన మీద జరిగిన అత్యాచారం గురించి ఇప్పుడు నోరు విప్పే ఒక పెద్దావిడ పాత్ర. దానికి 2007లో ఎమ్మీ వచ్చింది, అమెరికాలో టీవీకి ఇచ్చే పెద్ద అవార్డు. అప్పటికి ఆమెకి 76 ఏళ్లు. ఇన్ని సినిమాలు చేసినా ఆస్కార్ రాలేదు, ఒక్క టీవీ ఎపిసోడ్‌కి ఎమ్మీ వచ్చింది. నేను ఆ ఎపిసోడ్ చూసినప్పుడు మాటలు వినడం మధ్యలో మర్చిపోయాను. ఆమె చేతులు చూస్తూ ఉండిపోయాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. అంతే. ఆ చేతులు ఏమీ చేయవు. కానీ చెబుతూనే ఉంటాయి.

ఇక మాటలు చాలు. తెర మీద రెండు ముక్కలు చూద్దాం. మొదటిది 1951లోది, సీన్ నది ఒడ్డు డాన్స్. రెండోది "లిలి"లో ఆమె బొమ్మలతో మొదటిసారి మాట్లాడే చోటు. పిల్లలూ, మొదటి దాంట్లో అందరూ కాళ్లు చూస్తారు, మీరు మెడ చూడండి. రెండో దాంట్లో బొమ్మల్ని చూడొద్దు, ఆమె కళ్లు చూడండి. బొమ్మ మాట్లాడటం మొదలుపెట్టకముందే, ఒక్క క్షణం ముందు, ఆమె వినడం మొదలుపెడుతుంది. ఆ క్షణం ఎక్కడుందో పట్టుకున్నవాళ్లు రేపు క్లాసులో నాకు చేసి చూపించాలి. బాబూ, ఆ వెనక లైట్లు తీసేస్తారా?